పనీపాటా లేనివాళ్ళు

మా కాలనీ చివర ఒక కుంట ఉంది. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం చెరువనే ఉందట. చుట్టూ ఇనుప కంచె, కంచె లోపల పాత కట్ట మీద సిమెంటు ఇటుకలు పరిచిన నడక దారి, దాతల పేర్లు చెక్కిన పదహారు బెంచీలు, రెండు ఊయలలు, పసుపూ నీలం రంగులు వేసిన వ్యాయామ పరికరాలు. నా లెక్కలో ఒక చుట్టుకు ఏడువందల ఇరవై అడుగులు పడతాయి. పెద్దవాన కురిస్తే పై కాలనీల మురుగంతా కాలవ వెంట వచ్చి ఇందులోనే కలుస్తుంది. నాలుగైదు రోజులు ముక్కు మూసుకుని నడవాలి. గుర్రపుడెక్క తీయించిన ప్రతిసారీ మళ్ళీ అల్లుకుంటుంది. అయినా నీటికాకులు వస్తాయి. నీళ్ళ మధ్య మిగిలిన ఎండు మాను మీద కూర్చుని రెక్కలు చాపి ఆరబెట్టుకుంటాయి. ఇలాంటి పార్కులు హైదరాబాదులో చాలా ఉన్నాయి కాబట్టి దీని పేరు చెప్పను.

ఈ పార్కు గురించి 2024 ఎండాకాలంలో నేనొక ఉత్తరం రాశాను. పట్టుమని పది వాక్యాలు లేవు. నా సిద్ధాంత గ్రంథాన్ని ఎంతమంది చదివారో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు గాని, ఆ పది వాక్యాలకు మాత్రం నెల తిరక్కుండా ఫలితం కనిపించింది. ఆ ఉత్తరం గురించే ఇప్పుడు రాయాలనుకుంటున్నాను.

పొద్దున అయిదున్నరకు గేటు తీస్తారు. అప్పటికే బయట పదిమంది నిలబడి ఉంటారు. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపి, కాళ్ళకు స్పోర్ట్స్ బూట్లు వేసుకున్న ఆడవాళ్ళే ఎక్కువ. మగవాళ్ళు రెండు మూడు చుట్లు తిరిగి బెంచీల మీద చేరతారు. పేపరు చదువుతారు, రాజకీయాలు మాట్లాడతారు, కొందరు కళ్ళు మూసుకుని ఎండ కాగుతారు. ఆడవాళ్ళు తిరుగుతూనే ఉంటారు. కబుర్లు కూడా నడుస్తూనే చెప్పుకుంటారు. చాలాకాలం నేనిది గమనించలేదు. గమనించాక ఒకావిడని అడిగాను, కాసేపు కూర్చోవచ్చు కదా ఆంటీ అని. "కూర్చోవడానికి ఇంతదూరం రావాలా అమ్మా, ఇంట్లో కుర్చీల్లేవా?" అని నవ్వారు. ఆవిడ ఇరవై రెండేళ్ళుగా ఈ కాలనీలోనే ఉన్నారు. షుగరు వచ్చిన తర్వాతే మొదటిసారి పార్కు లోపలికి అడుగుపెట్టారట. "డాక్టరు చెప్పాడు కాబట్టి పొద్దున టిఫిను కాస్త ఆలస్యమైనా ఇంట్లో ఎవరూ ఏమీ అనడం లేదు" అన్నారు. ఏళ్ళ తరబడి దొరకని నలభై నిమిషాల్ని షుగరు ఆవిడకు సంపాదించి పెట్టింది.

మా అమ్మ అనంతపురం నుంచి వచ్చినప్పుడల్లా సాయంత్రం రమ్మని పిలుస్తాను. "ఊరికే పోయి కూచుంటే చూసినోళ్ళు ఏమనుకుంటారు?" అంటుంది. మనవరాలిని ఊయల ఎక్కించాలంటే మాత్రం వెంటనే చెప్పులేసుకుంటుంది. ఊరికే అన్నది విచిత్రమైన మాట. కారణం లేకుండా చేస్తే ఊరికే. డబ్బివ్వకుండా పుచ్చుకుంటే ఊరికే. ఎడతెగకుండా చేసినా ఊరికే. మా అమ్మ నోట్లో దానికి నాలుగో అర్థం ఉంది, తప్పు అని.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 97 నిమిషాలు. 2024లో మళ్ళీ చూస్తే ఆ అంకెలు 289, 88. అయిదేళ్ళలో మనకు పది నిమిషాలు తగ్గాయి. వాళ్ళూ తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు! ఈ లెక్కల మధ్య బెంచీ మీద కూర్చునే ఆడమనిషిని ఎక్కడ ఇరికిస్తాం? నడక ఆరోగ్యం, ఆరోగ్యం ఇంటి క్షేమం, ఇంటి క్షేమం ఆమె బాధ్యత. అలా చుట్టు తిరిగి నడక కూడా ఇంటిపని ఖాతాలోనే పడుతుంది. కూర్చోవడాన్ని అలా ఏ ఖాతాలోనూ వెయ్యలేం.

నేను కూర్చునేదాన్ని. అప్పుడు నాకు ఉద్యోగం లేదు, ఒక తాత్కాలిక పరిశోధన ప్రాజెక్టు ఉండేది. మధ్యాహ్నం పుస్తకం పట్టుకుని పార్కుకు వెళ్ళేదాన్ని. ఆ వేళ అక్కడ పొద్దున కనిపించే మొహం ఒక్కటీ ఉండదు. పదకొండు నుంచి మూడు దాకా కానుగ చెట్ల కింద ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు ఉండేవారు. పొద్దుటి ఇళ్ళు అయిపోయి, సాయంత్రం ఇళ్ళు మొదలుకాక ముందు దొరికే వేళ అది. తెల్లవారుజామున రోడ్లు ఊడ్చి వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉండేవారు. టిఫిను డబ్బాలు విప్పుకుని కూర చేతులు మారేది. ఒకామె ఇంకొకామెకు తల దువ్వేది. కొంగు మొహం మీద కప్పుకుని నిద్రపోయేవారు కొందరు. అటువైపు తూము దగ్గర కాలేజీ పిల్లల జంటలు. నేను వీళ్ళందరినీ రోజూ చూశాను. కళ్ళకు ఆనడం వేరు, లెక్కలోకి రావడం వేరు అని తర్వాత తెలిసింది.

ఒకరోజు నా ఎదుటి బెంచీ మీద ఒకతను కూర్చుని ఫోను నావైపు తిప్పి వీడియో తీస్తున్నాడు. అనుమానమేమో అనుకుని చోటు మారాను. వెంట వచ్చాడు. గేటువైపు నడిస్తే వెనకే నడిచాడు. కాపలా ఉండాల్సిన మనిషి లేడు. నా చేతులు చల్లబడిపోయాయి. స్త్రీవాద సిద్ధాంతం చదివిన గొంతులోంచి ఒక్క మాట పైకి రాలేదు. కానుగ చెట్ల కింది నుంచి ఒకామె "ఏందిర, ఎవల్నిర నువ్వు ఫోటువలు తీసేది?" అని గట్టిగా అరిచింది. మరో ఇద్దరు లేచి నిలబడ్డారు. అతను కంచె పక్కనుంచి వెళ్ళిపోయాడు.

వాకర్స్ అసోసియేషన్‌లో ఈ సంగతి చెప్పాను. వాళ్ళకు ముందునుంచే మధ్యాహ్నాల మీద కోపం ఉంది. జంటల గురించీ, గడ్డి మీద అన్నం మెతుకుల గురించీ ఫిర్యాదులు ఉన్నాయి. "అమ్మా, మీరు డాక్టరేటు చేసినవారు, మంచి తెలుగులో ఒక వినతిపత్రం రాసిపెట్టండి" అన్నారు. రాశాను. మధ్యాహ్న వేళల్లో పనీపాటా లేనివాళ్ళు చేరి అసాంఘిక కార్యకలాపాలకు పాల్పడుతున్నారనీ, స్త్రీల భద్రత దృష్ట్యా కాపలా పెంచాలనీ, కెమెరాలు పెట్టాలనీ, పదింటి నుంచి నాలుగింటి దాకా గేటు మూయాలనీ. మొదటి సంతకం నాదే. వీడియో తీసినవాణ్ణి ఉత్తరంలో పెట్టాను. అరిచినామెను పెట్టలేదు. పెట్టకూడదని అనుకోలేదు, అసలు గుర్తే రాలేదు. ఆమెకు కృతజ్ఞత చెప్పడం కూడా గుర్తు రాలేదు.

కాపలా మనిషికి జీతం ఇవ్వాలి, కెమెరాలకు డబ్బు కావాలి. తాళం ఒక్కటే చవక. కాబట్టి తాళం వచ్చింది.

మా అపార్టుమెంటులో అయిదిళ్ళల్లో పనిచేసే ఒకామె ఉంది. మా ఇంట్లోనూ చేస్తుంది. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను ఆమెను అక్కా అని పిలుస్తూ నువ్వు అంటాను, ఆమె నన్ను మేడమ్ అని మీరు అంటుంది. ఒక మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని ఉంటే వాచ్‌మన్ లేవమన్నాడట. వచ్చి మూడింటి దాకా మా వంటింట్లో కూర్చోవచ్చా అని అడిగింది. రోజూ చెరువు దగ్గరికి వెళ్తావు కదా అన్నాను.

"గేటు బంద్ వెట్టిన్రు మేడమ్. పనీపాటా లేనోళ్ళు గూసుంటున్నరని ఎవలో కాయితం రాసిండ్రంట."

ఇంటికి వెళ్ళి రావచ్చు కదా, బస్సు టికెట్ లేదు కదా ఇప్పుడు అన్నాను. మాట్లాడకుండా ఉండలేక అన్న మాట అది.

"రెండు బస్సులు మారాలె. బస్సు ఊరికెనే గని, టైము ఊరికె వస్తదా?" అంది. ఇంకాసేపటికి, "మీరు సదువుకున్నోళ్ళు. తెరవమని మీరొక కాయితం రాయున్రి మేడమ్" అంది.

పనీపాటా. ఈ జంటపదం ఎలా పుట్టిందో గాని, అందులో పనితో పాటు పాట కూడా ఉంది. నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం దంపుళ్ళ పాటల మీద, నాట్ల పాటల మీద రాశాను. శ్రమనీ పాటనీ విడదీసి చూడలేని స్త్రీల సంస్కృతి అని అందులో గొప్పగా వాదించాను. వైవాలో ఒక ప్రొఫెసరుగారు ఆ అధ్యాయాన్నే మెచ్చుకున్నారు. అదే చేత్తో, రోజుకు అయిదిళ్ళ గిన్నెలు తోమే మనుషుల్ని పనీపాటా లేనివాళ్ళని రాశాను. అచ్చుతప్పు అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. కూర్చుని కనిపించిన పేదమనిషికి నా తెలుగులో సిద్ధంగా ఉన్న మాట అదే.

ఇది నా ఒక్కదాని తెలుగు కాదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైనప్పుడు విన్నాం కదా, పనిలేకపోయినా ఎక్కి తిరుగుతున్నారని. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైనప్పుడూ అదే మాట. పనిలేకుండా ఎక్కిన ఆమె ఎక్కడికి వెళ్ళి ఉంటుంది? అక్క ఇంటికో, గుడికో, ఊరు చూడ్డానికో. పనిలేకుండా బస్సెక్కిన మగవాళ్ళను మనం ఎన్నడైనా లెక్కపెట్టామా?

నేను పుట్టిన చోటు ఒక పెద్ద చెరువుకు దగ్గర. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు. దాని కట్టను ముసలమ్మ కట్ట అంటారు. వానలకు కట్ట తెగబోతుంటే, బసిరెడ్డి ఇంటి కోడలు ముసలమ్మను బలిస్తే నిలుస్తుందని దైవవాణి చెప్పిందట. ఆమె అందరి దగ్గరా సెలవు తీసుకుని నీళ్ళలోకి నడిచింది. ఆ కథను కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' అనే కావ్యంగా రాశారు. ఆధునిక తెలుగు కావ్యాల్లో మొదటిదని దాన్ని చెప్పుకుంటాం, పాఠాలు చెబుతాం. నేనూ చెప్పాను. చిన్నప్పుడు మా అవ్వతో కట్ట మీదకు పోయి దండం పెట్టుకునేవాళ్ళం. దండం పెట్టుకోగానే "పాండి పాండి, పొద్దు పోతాంది" అని తరిమేది అవ్వ. ఎదురుగా అంత నీళ్ళు, అంత గాలి. ఒక్కసారైనా కట్ట మీద కూర్చున్న జ్ఞాపకం నాకు లేదు.

మన కథల్లో ఆడది చెరువుకు ఎందుకు పోతుంది? నీళ్ళు తేవడానికి, గుడ్డలు ఉతకడానికి, కట్ట నిలబెట్టడానికి ప్రాణం ఇవ్వడానికి. ఇంట్లో భరించలేనప్పుడు ఏ నుయ్యో గొయ్యో చూసుకుంటాను అనడానికి. బతుకమ్మ తొమ్మిది రోజులూ చెరువుగట్టు ఆడవాళ్ళదే, కాదనను. ఆ పాటల హోరు విన్నవాళ్ళెవరూ కాదనలేరు. అయితే అక్కడా చేతిలో పూలు ఉండాలి, పేర్చిన బతుకమ్మ ఉండాలి. వట్టి చేతులతో వచ్చి నీళ్ళను చూసి పోయే ఆడదానికి ఒక కథ లేదు. మన హైదరాబాదులోనే మాసబ్ ట్యాంక్ ఉంది. మా సాహెబా తాలాబ్ అన్నది నలిగి అలా అయింది. కుతుబ్‌షాహీ ఇంటి ఆడమనిషిని గౌరవంగా పిలుచుకున్న పేరది. ఆ చెరువు పోయి దాని చోట చాచా నెహ్రూ పార్కు వచ్చింది. పేరులో ఉన్న ఆడమనిషిని ఎవరూ పట్టించుకోరు.

ఇంత రాశాక ఒక ప్రశ్న దాటెయ్యలేను. ఆ రోజు నా చేతులు చల్లబడటం అబద్ధమా? కాదు. ఆ భయం నిజం, అతను నిజం. ఆ పూట వేరే ఎవరూ లేకపోతే ఏమై ఉండేదో నాకు తెలియదు. భద్రత అడగడం తప్పని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒప్పుకోను. కాని భద్రత అని అడిగినప్పుడల్లా మనకు దొరుకుతున్నది ఏమిటో చూడండి. 2005 డిసెంబరులో మీరట్‌లో 'ఆపరేషన్ మజ్నూ' పేరుతో పోలీసులు పార్కులో కూర్చున్న జంటలను కెమెరాల ముందు కొట్టారు. ఆడపిల్లల చెంపలు వాయించినవాళ్ళలో మహిళా పోలీసులూ ఉన్నారు. ఆడపిల్లలను వేధించేవాళ్ళను పట్టుకోవడానికే అది మొదలుపెట్టామన్నారు. 2021 ఆగస్టులో మన ఇందిరా పార్కు గేటుకు పెళ్ళికాని జంటలకు ప్రవేశం లేదని బ్యానరు కట్టారు. అభ్యంతరాలు వచ్చాక తీసేశారు. అప్పుడు నేను కూడా మిత్రులతో కలిసి ఆవేశంగా మాట్లాడాను. మూడేళ్ళు తిరక్కుండా, పెళ్ళయినా కాకపోయినా ఎవరికీ ప్రవేశం లేకుండా చేసే ఉత్తరం రాసిందీ నేనే.

శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబై మీద పరిశోధన చేసి 2011లో 'వై లాయిటర్?' అనే పుస్తకం తెచ్చారు. బయట కనిపించే ఆడమనిషి తనకేదో పని ఉన్నట్టు కనిపించాల్సి వస్తోందని, ఆడవాళ్ళ భద్రత పేరుతో పేద మగవాళ్ళనూ ముస్లిం మగవాళ్ళనూ బయటికి నెట్టడం న్యాయం కాదని, ఊరికే తిరిగే హక్కు అందరికీ ఉంటేనే ఆడవాళ్ళకూ ఉంటుందని వాళ్ళ వాదన. ఆ పుస్తకం నా అలమారలో ఉంది. పేజీల అంచున నేను పెట్టిన టిక్కులు కూడా ఉన్నాయి. చదివింది చేతికి ఎందుకు అందలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. మా పార్కులో భద్రత ఇచ్చినవాళ్ళు ఎవరు? కెమెరా కాదు, కాపలా మనిషి కాదు. పని మధ్యలో కాళ్ళు చాపుకుని కూర్చున్న నలుగురు ఆడవాళ్ళు. వాళ్ళు అక్కడ ఉండటమే కాపలా. వాళ్ళను పంపేసి పార్కును భద్రం చేశాం. లోపల ఎవరూ లేరు కాబట్టి ఇప్పుడు అక్కడ ఏ ఆడదానికీ ప్రమాదం లేదు.

రెండో కాగితం రాయడానికి కూర్చున్నప్పుడు నాకు మొదట తోచిన వాక్యం ఇది: వీరు పొద్దుటి నుంచి కష్టపడి పనిచేసే స్త్రీలు కనుక విశ్రాంతికి అర్హులు. రాసి, కొట్టేశాను. ఆ వాక్యంలో వాదం బలంగానే ఉంది. ఎవరూ కాదనలేరు. కాని తీరిక అనేది కష్టానికి ఇచ్చే కూలీ అయితే, ఏ ఇంట్లోనూ పని దొరకని ఆమె సంగతేమిటి? కోడలిమీద ఆధారపడ్డ ముసలావిడ సంగతేమిటి? ఉద్యోగం లేక గదిలో ఉక్కిరిబిక్కిరై వచ్చి కూర్చున్న కుర్రాడి సంగతేమిటి? నేను పొద్దుటి నుంచి ఎన్ని గిన్నెలు తోమి వెళ్ళి కూర్చున్నాను? నన్ను ఆ లెక్క ఎవరూ అడగలేదు. పౌరుడికి తీరిక ఉండాలన్నాడు అరిస్టాటిల్. ఆ తీరిక బానిసల చాకిరీ మీద, ఇంటి ఆడవాళ్ళ చాకిరీ మీద నిలబడుతుందన్న సంగతి ఆయన్ని బాధించలేదు. స్కూలు అన్న మాటకు మూలమైన గ్రీకు మాటకు తీరిక అనే అర్థం. నా చదువంతా తీరికే. అందులో కొంత మా అమ్మ ఇచ్చింది, కొంత నెలకు ఇంత అని నేను కొనుక్కున్నాను. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె తోమబట్టే నేను మధ్యాహ్నం పుస్తకంతో చెరువు దగ్గర కూర్చున్నాను. 1948 నాటి విశ్వ మానవహక్కుల ప్రకటన 24వ అధికరణంలో విశ్రాంతినీ తీరికనూ హక్కుగా రాశారు. పనిగంటలకు పరిమితి, జీతంతో కూడిన సెలవులు అని కూడా అందులోనే ఉంది. అయిదిళ్ళ పనికి సెలవు చీటీ ఎవరికివ్వాలి?

చివరికి కాగితంలో ఇలా రాశాను: మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు దాకా స్త్రీలు కూర్చోవడానికి గేటు తెరిచి ఉంచవలసిందిగా కోరుతున్నాం. అంతే. కావాలనే కారణం రాయలేదు. అసోసియేషన్ సెక్రటరీగారు చదివి, కూర్చోవడానికి అన్న మాట చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. పక్కన, కారణం స్పష్టంగా రాయండి అని పెట్టి తిరిగిచ్చారు. మర్యాదగానే ఇచ్చారు. మొదటి ఉత్తరం తెలుగు బాగుందని మళ్ళీ ఒకసారి మెచ్చుకున్నారు కూడా.

ఆ కాగితం చాలా రోజులు నా సంచీలోనే ఉంది. కారణం రాయకూడదన్నది నాకు సూత్రమైపోయింది. ఈలోగా మా ఇంట్లో పనిచేసే ఆమెకు అసలు సంగతి చెప్పాను. మొదటి కాయితం రాసింది నేనే అని. ఆమె తోముతున్న గిన్నె ఆపలేదు. "రాసేటప్పుడు మేం కండ్లల్ల వడలేదా మేడమ్?" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. మర్నాటి నుంచి మా వంటింట్లో కూర్చోవడం మానేసింది. ఎక్కడ కూర్చుంటున్నావని అడిగితే, మెట్రో స్టేషను మెట్ల కింద నీడ ఉందని చెప్పింది.

మొన్న ఫిబ్రవరి చివర్లో ఆమే అడిగింది, కాయితం ఏమైందని. కారణం రాయమంటున్నారనీ, కూర్చోవడానికి కారణం ఎందుకుండాలని నేను రాయలేదనీ చెప్పాను. నా మొహంలోకి కాసేపు చూసింది.

"కాళ్ళు గుంజుతున్నయని రాయున్రి మేడమ్. నిజమే గదా. ఎండలు ముదురుతున్నయ్" అంది.

ఆ రాత్రి కాగితం తీసి, ఎర్ర సున్నా పక్కన, మోకాళ్ళ నొప్పుల దృష్ట్యా అని రాశాను.